వెనక్కి నడిచే పాట

రాజమహేంద్రవరం,
1897 నవంబరు

చెల్లి సంపూర్ణమ్మకు,

మొన్న వేసవిలో మా గడప దిగి పడవ ఎక్కేటప్పుడు వెళ్ళొస్తానని ఒక్క మాట అనలేదు నువ్వు. తోడికోడళ్ళన్నాక మాటా మాటా రావడం ఉన్నదే. ఆడవాళ్ళ ప్రార్థన కూటంలో నువ్వు కీర్తన చదువుతూ కూడబలుక్కుంటుంటే నవ్వింది నేనొక్కదాన్నే కాదు. నేను కాస్త ముందు నవ్వాను, అంతే. దానికి ఇన్నాళ్ళు బిగుసుకుని కూర్చుంటే ఎవరికి నష్టం?

సరే, పని మాట. ఇక్కడ ఒక దొరసానిగారు మన్యం పాటలు పోగుచేసి పుస్తకం వేయించబోతున్నారు. కొండరెడ్లకు రాత లేదు గనుక ముసలివాళ్ళతోపాటే వాళ్ళ కథలూ మట్టిలో కలుస్తాయని ఆవిడ బెంగ. మీ ఊళ్ళో వీరమ్మ అనే ముసలమ్మకు వాళ్ళ వంశం కథంతా పాటగా వచ్చునట. బుల్లిరాజుగారి కలప అడితిలో గుమాస్తాగిరీ మీ బావగారికి ఊరికే రాలేదు. వెదురు కొనడానికి పోయినచోట కూడా చెవులు తెరిచే ఉంచుతారు. ఆయనే విని వచ్చి చెప్పారు. ఆ పాటను మొదటినుంచి చివరిదాకా, ఏ కొండ పేరూ ఏ వాగు పేరూ వదలకుండా రాసి పంపించు.

మరిదిగారికి అప్పగించకు. పరాయి మగవాణ్ణి చూస్తే ఆ ముసలమ్మ నోరు మూసేస్తుందట. నీ మూడో తరగతి చదువుతో ఇది అవుతుందో కాదో నాకు అనుమానమే. అందుకే తప్పులు నేను దిద్దుతానని దొరసానిగారికి ముందే చెప్పి ఉంచాను.

మీ అక్కయ్య,
రత్నమాణిక్యం

*

ఇప్పలగూడెం, దేవీపట్నం తపాలా,
1897 డిసెంబరు

రత్నమాణిక్యం అక్కయ్యకు సంపూర్ణమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. పడవవాడు దాన్ని తలపాగాలో పెట్టుకుని తెచ్చాడు. సగం అక్షరాలు చెమటకు కరిగిపోయాయి. మిగిలిన సగం చాలింది.

నవ్వింది మీరొక్కరే కాదన్నారు. నిజమే. కాని మిగతావాళ్ళు ఆపాక కూడా మీరు నవ్వారు.

నాకు ఇక్కడా మాట్లాడే అలవాటు లేదు. మీ మరిదిగారు బడి పాకలో పిల్లలకు అక్షరాలు చెబుతుంటే నేను వెనక గదిలో వంట చేసుకుంటాను. వాగుకు వెళ్ళి కుండ ముంచుకుని తల వంచుకుని వచ్చేస్తాను. వీరమ్మ నాకు మూగ పంతులమ్మ అని పేరు పెట్టింది. ఊరంతా అలాగే పిలుస్తారు. మీరు రాశారు కదా అని మొన్న వాగు దగ్గర ఆమెను అడిగాను.

"మీ పెద్దల పాట వినాలని ఉంది, అవ్వా."

"ఏంటే, ఇవాళ నోరు అరువు తెచ్చుకున్నావా?" అంది. తరవాత, "ఎవరు చచ్చారు?" అంది.

"ఎవరూ చావలేదు."

"విత్తులు వేస్తున్నామా?"

"లేదు."

"మరెందుకు పాడతాను? ఆకలి లేకుండా పొయ్యి ముట్టిస్తావా నువ్వు?"

పక్కన వీరమ్మ చెల్లెలు చిన్నమ్మాయి గిన్నె తోముతోంది. పేరుకే చిన్నమ్మాయి, తలంతా తెల్లబడింది. ఆమె తలెత్తకుండానే, "అది పాడినా నేను పలకను. నేను పలక్కపోతే అది పాట కాదు, ఏడుపు," అంది. అక్కాచెల్లెళ్ళు ఇద్దరూ నావైపు చూసి నవ్వారు. నేను కుండ సగం నీళ్ళతోనే ఇంటికి వచ్చాను.

అడిగాను, కాదన్నారు. దొరసానిగారితో ఆ మాటే చెప్పండి. నా చదువు ఎంతవరకో మళ్ళీ గుర్తు చేయనక్కర్లేదు.

సంపూర్ణమ్మ

*

రాజమహేంద్రవరం,
1898 జనవరి

సంపూర్ణమ్మకు,

దొరసానిగారితో చెప్పాను. "మా తోడికోడలికి చేతకాలేదు, క్షమించండి" అన్నాను. ఆవిడ "పాపం" అన్నారు. ఆ పాపం అన్న మాట నీ గురించి పడ్డందుకు నాకే తల కొట్టేసినట్టయింది.

కొండల్లో ఉన్నావు. పక్కింట్లో పాట ఉంది. చేతిలో పెన్సిలు ఉంది. అయినా వట్టి చేతులతో కూర్చున్నావు. నన్ను బోర్డింగు బడిలో చేర్చినప్పుడు నాన్నగారన్నారు, చదువు నేర్చిన ఆడది ఇంటికి దీపమని. నేర్చీ నేర్వనిది పొగ మాత్రమే పెడుతుందని ఆయనకు తట్టలేదు కాబోలు.

ఇంకొక సంగతి. మీ బడి పాక కలప బుల్లిరాజుగారు మిషనుకు ధర్మంగా ఇచ్చింది. ఆయన మనసు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుందని అనుకోవద్దు. మీ బావగారు చెప్పమన్నారు, చెప్పాను.

రత్నమాణిక్యం

*

ఇప్పలగూడెం,
1898 ఫిబ్రవరి

అక్కయ్యకు,

మీరు అడిగింది ఇందులో పెట్టాను.

చిన్నమ్మాయి పోయింది. మన్యపు జ్వరం. మీ మరిదిగారి దగ్గర ఉన్న క్వయినా బిళ్ళలు ఇద్దామని వెళ్ళేసరికి ఆలస్యమయింది. పొద్దున్నుంచి శవాన్ని వాకిట్లో పెట్టారు. మగవాళ్ళు వాగు అవతల కట్టెలు పేర్చి వచ్చాక పాడె లేపారు. అప్పుడు వీరమ్మ ముందుకు వచ్చి పాట ఎత్తుకుంది.

ఆమె పాడెకు ముందు నడిచింది. చెల్లెలి ముఖం చూస్తూ, వాగువైపు వీపు పెట్టి, వెనక్కి వెనక్కి నడిచింది. ఒక్కో చోటి పేరు చెప్పి ఆగేది. పాడె కూడా ఆగేది. కాసేపు నిశ్శబ్దంగా చూసి మళ్ళీ పాడేది. దుఃఖంతో గొంతు పట్టేస్తోందనుకున్నాను. ఇంటినుంచి వాగు ఎంతో దూరం లేదు. పాట అయ్యేసరికి మధ్యాహ్నం ఎండ వాలిపోయింది. నేను ఆడవాళ్ళ వెనక నడుస్తూ, బడిలో అక్షరాలు నేర్పే అట్టల వెనకవైపున, పైట కింద పెన్సిలు దాచుకుని రాశాను. ఎవరూ చూడలేదు. ఎవరినీ అడగలేదు.

గుమ్మడికొండ విడిచి పులిరాయి కాడికి, పోతయ్య తాత పులిని కొట్టిన కాడికి. పులిరాయి విడిచి తేనెబండ కాడికి, సోమమ్మ అవ్వ పిల్లను కన్న కాడికి. అలా తేనెబండ నుంచి జంటవాగుకు, జంటవాగు నుంచి మద్దిమానుకు, అక్కడ గోదావరి దాటి ఇనుపకొండకు, మొదటి పొయ్యి పొగ లేచిన చోటికి. మధ్యలో ఎవరు ఎక్కడ పోడు కొట్టి నిప్పు పెట్టారో, ఎక్కడ ఏ గింజ చల్లారో అన్నీ ఉన్నాయి. ఒక్క పేరూ వదల్లేదు.

పెన్సిలు అట్టలు నా దగ్గరే ఉన్నాయి. సిరాతో తిరగరాసింది పంపుతున్నాను. కూడబలుక్కోకుండా రాశాను. దొరసానిగారికి చూపించేటప్పుడు ఇది ఎవరి చేతిరాతో కూడా చెప్పండి.

సంపూర్ణమ్మ

*

రాజమహేంద్రవరం,
1898 మార్చి

సంపూర్ణమ్మకు,

అందింది. ళకారం బదులు లకారం, ఒత్తుల్లేని మాటలు, నువ్వు రాసిందాంట్లో సగం నా ఎర్రసిరాయే. అయినా పనికొచ్చింది. నా చేత్తో శుభ్రంగా నకలు రాసి, చెప్పింది చెప్పినట్టు ఉన్నదని కింద సాక్షి సంతకం పెట్టాను.

మీ బావగారు రెండుసార్లు చదివించుకుని విన్నారు. ఇంత సంతోషంగా ఆయన్ని ఈ మధ్య చూడలేదు. "అంటే వీళ్ళు గుమ్మడికొండ వదిలేసి గోదావరి దాటి ఇనుపకొండకు వెళ్ళిపోయారన్నమాట," అన్నారు. కథ ఆయనకు అంత బాగా తలకెక్కింది.

దీంతో కలం పాళీలు కొన్ని పంపుతున్నాను. మంచివి. సిరాలో ముంచి రాశాక తుడిచి పెట్టుకో. నీ అలవాటు నాకు తెలుసు.

రత్నమాణిక్యం

*

ఇప్పలగూడెం,
1898 ఏప్రిలు

రత్నమాణిక్యం గారికి,

మొన్న బావగారు బుల్లిరాజు గారి మనుషులతో పడవలో వచ్చారు. మా ఇంటికి కాదు. తిన్నగా మా ఊరి పైనున్న గుమ్మడికొండ ఎక్కి చెట్లకు సున్నపు గుర్తులు పెట్టించారు. ఊరివాళ్ళు కత్తులు పట్టుకుని వెళ్ళారు, వాళ్ళ వెనక నేనూ వెళ్ళాను. అప్పుడాయన జేబులోంచి కాగితం తీసి ఊరిపెద్ద పెద్దకాపు ఎదుట చదివారు. మీ చేతిరాత. ఎర్రసిరా లేకుండా, శుభ్రంగా.

"ఇది మీ పాటే కదండీ?" అన్నారు.

"మాదే," అన్నాడు పెద్దకాపు.

"మీ తాతలు ఈ కొండ విడిచి గోదావరి దాటి ఇనుపకొండకు పోయారని మీ పాటే చెబుతోంది. మరి మీరెవరు? మొన్న మొన్న వచ్చి చేరినవాళ్ళు. అడవి హద్దుల దొరగారు వైశాఖంలో ఇక్కడికి వస్తున్నారు. కొండ ఎవరిదో ఆయనే తేలుస్తారు. మా అర్జీతో ఈ కాగితం కూడా పెట్టాం."

ఈ సర్కారు దొర ఏ కొండ ఊరివాళ్ళ పోడుకో, ఏ కొండ సర్కారు అడవికో విడదీస్తాడట. ఊరిదని తేలని కొండమీద వెదురు బుల్లిరాజుగారు వేలంలో పాడుకుంటారట. ఈ సంగతి మీ ఉత్తరాల్లో ఎక్కడా లేదు. దొరసాని ఉంది, పుస్తకం ఉంది, నా తప్పులు ఉన్నాయి. ఈ మాట ఒక్కటే లేదు.

ఊరంతా తిరిగి నన్ను చూసింది. నేను ఇంటికి వచ్చేశాక వీరమ్మ కొండ దిగి నా గుమ్మం ముందుకు వచ్చింది.

"నా చెల్లెలి దారి నువ్వు రాశావా?"

రాశానన్నాను.

"అది చచ్చినదాని దారే, పిల్లా. వచ్చిన దారినే చచ్చినవాళ్ళను వెనక్కి పంపుతాం. ఇక్కడినుంచి మొదలుపెట్టి మొదటి పొయ్యి దాకా. నేను వెనక్కి ఎందుకు నడిచానో నీ కళ్ళకు కనపడలేదా? బతికినవాళ్ళకు పాడితే అక్కడినుంచి ఇక్కడికి వస్తాం. అది విత్తుల నాడు. నేను అడుగుతా, చిన్నమ్మాయి పలికేది. ఆ రోజు నేను పేరు చెప్పి ఆగింది గొంతు పట్టి కాదు. పలికేది పాడె మీద ఉంది."

అవి అన్నీ నేను చూశాను, అక్కా. వెనక్కి నడవడం చూశాను. ఆగడం విన్నాను. దాని అర్థం అడగడానికి నాకు నోరు రాలేదు. రాయడానికి చెయ్యి మాత్రం వచ్చింది.

ఆ మర్నాటినుంచి బడికి పిల్లలు లేరు. నేను వాగుకు వెళ్తే మిగతావాళ్ళు కుండలు ఎత్తుకుని పోతున్నారు. పొద్దున లేచేసరికి మా గుమ్మానికి అడ్డంగా రేగుకంప వేసి ఉంది. మీ మరిదిగారు దాన్ని తీయబోతే ముళ్ళు గుచ్చుకున్నాయి. ఇంకో కంప వేశారు.

ఆ కాగితం చచ్చినవాళ్ళ పాట అనీ, తిప్పి చదవాలనీ దొరగారికి రాయండి. మీ సంతకం ఉంది కనుక మీ మాట వింటారు. ఇది నేను అడుక్కోవడం కాదు.

సంపూర్ణమ్మ

*

రాజమహేంద్రవరం,
1898 ఏప్రిలు

సంపూర్ణమ్మకు,

కోపం వచ్చినప్పుడు నీ రాత బాగుంటుందని ఇప్పుడే తెలిసింది.

దొరసాని ఉన్నమాట నిజం. పాటలు పోగుచేస్తున్నదీ నిజం. ఆవిడకంటే ముందు మీ బావగారు అడిగారు, ఇచ్చాను. భర్త అడిగితే నువ్వు ఇవ్వవా? నీకు తెలియకుండా ఏదో జరిగిందని గుండెలు బాదుకోకు. అడిగింది పాట, ఇచ్చింది పాట. దానితో ఎవరు ఏం చేసుకుంటే నీకెందుకు? ఏటేటా అడవి తగలబెట్టి కాస్త సామలు పండించుకునేవాళ్ళకు ఈ కొండ కాకపోతే ఇంకో కొండ.

ఇప్పుడు నేను తిప్పి చదవమని రాయాలా? చెప్పింది చెప్పినట్టు ఉన్నదని సంతకం పెట్టిన చేత్తోనే తలకిందులని రాయాలా? మీ బావగారి ఉద్యోగం ఉంటుందా? నేను ప్రార్థన కూటంలో తల ఎత్తుకోగలనా? నువ్వు రాసింది తప్పయితే తప్పు నీది. నేను దిద్దింది ఒత్తులే.

పోనీ నువ్వే చెప్పు దొరగారి ఎదుట. కీర్తన చదవడానికే చెమటలు పట్టినదానివి. దుబాసీ, గుమాస్తా, జవాన్లు అందరూ చూస్తుంటే నువ్వు నోరు విప్పితే వినాలని నాకూ ఉంది.

రేగుకంప గుమ్మాల మధ్య ఉండేకంటే మరిదిగారిని తీసుకుని ఇంటికి వచ్చేయి. వంటింట్లో నీ మూల నీకు ఉంది.

రత్నమాణిక్యం

*

ఇప్పలగూడెం,
1898 మే

రత్నమాణిక్యం గారికి,

వినాలని ఉందన్నారు. మీరు లేరు గనుక రాస్తున్నాను.

అడవి హద్దుల దొరగారు ఇసుకతిప్ప మీద గుడారం వేసుకున్నారని తెలిసిన రోజు నేను కంప దాటి వీరమ్మ ఇంటికి వెళ్ళాను. కాలికి గుచ్చుకుంది. ఆమె వాకిట్లో జీలుగు పీచు పేనుతోంది. ఆ బతికినవాళ్ళ పాట దొరగారి ముందు పాడమన్నాను.

"విత్తులు లేకుండానా?" అంది.

"విత్తులు వేయండి."

"ఆకాశంలో మబ్బు తునక లేదు. ఎండు బూడిదలో గింజ వేస్తే పిట్టలకు పెళ్ళి. ఏడాది తిండి పోతుంది."

పెద్దకాపు అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తున్నాడు. చుట్ట నోట్లోంచి తీసి అన్నాడు, "కొండే పోతే గింజ దాచుకుని ఎక్కడ వేస్తాం, నీ నెత్తినా?" వీరమ్మను అన్నాడో నన్ను అన్నాడో తెలియలేదు.

"వేద్దాం," అంది వీరమ్మ. "పలికేది ఎవరు? అందరికీ తలా ముక్క వచ్చు. మొత్తం చిన్నమ్మాయికే వచ్చు." నావైపు చూసింది. "ఇదిగో, ఇది దొంగిలించింది కదా. మొత్తం దీని దగ్గరే ఉంది. చచ్చినవాళ్ళ పాట దొంగిలించినదానివి, బతికినవాళ్ళ పాటలో కూలి చెయ్యి. కాగితం చూసి పలికితే మాత్రం ఊరుకోను. విత్తులు నవ్వుతాయి."

నేను ఇంటికి వచ్చి అట్టలు తీశాను. కిందినుంచి పైకి చదువుకున్నాను. అన్నం వండుతూ, బియ్యం ఏరుతూ, ఇనుపకొండ నుంచి గుమ్మడికొండకు నడిచాను. మీ మరిదిగారు గోడకు ఆనుకుని వింటూ, "జంటవాగు దగ్గర ఎవరి పేరు వదిలావు," అని అడిగారు. ఆయన నన్ను తిడతారనుకున్నాను. అప్పటికే పెట్టె సర్ది ఉంచారు. దాన్ని విప్పి నాకు ఉతికిన చీర ఒకటి తీసి ఇచ్చారు.

దొరగారిని పెద్దకాపు కొండ మొదటికి పిలుచుకువచ్చాడు. గొడుగు పట్టించుకుని వచ్చారాయన. దుబాసీ ఉన్నాడు, దొరగారి గుమాస్తా చేతిలో మీ నకలు ఉంది. బావగారు కొత్త కోటు వేసుకుని ఒక పక్క నిలబడ్డారు. కాల్చిన పోడు కొండంతా నల్లగా ఉంది. ఆడవాళ్ళు విత్తుల బుట్టలు నడుముకు కట్టుకున్నారు, మగవాళ్ళు గుంటలు పొడిచే కర్రలు పట్టుకున్నారు. వీరమ్మ దొరగారికి వీపు తిప్పి కొండకు ముఖం పెట్టి నిలబడింది.

"మొదటి పొయ్యి ఎక్కడ పొగ లేచె?" అని ఎత్తుకుంది.

నాకు నోరు రాలేదు. అందరూ నన్నే చూస్తున్నారు. అరికాళ్ళ కింద బూడిద ఇంకా వెచ్చగా ఉన్నట్టుంది. వీరమ్మ మళ్ళీ అడిగింది. బావగారు దుబాసీతో గట్టిగా అన్నారు, "మా మరదలండి. ఇంకొంచెం అన్నం కావాలని అడగడానికి కూడా నోరు రాదు దీనికి. పొద్దుపోతుంది, దొరగారిని లేవమనండి."

అప్పుడు నాకు మీ నవ్వు గుర్తొచ్చింది, అక్కా. మిగతావాళ్ళు ఆపాక కూడా ఆగని నవ్వు.

"ఇనుపకొండన," అన్నాను.

"ఇనుపకొండ దిగి ఎక్కడికి వచ్చె?"

"గోదారి దాటి మద్దిమాను కాడికి."

ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. ముందుకే వేసింది. కర్ర గుంట పొడిచింది, గింజ పడింది. మద్దిమాను విడిచి జంటవాగుకు. ప్రతి పేరుకూ ఊరంతా ఒక అడుగు పైకి ఎక్కింది. నా గొంతు ఎక్కడ పెద్దదయిందో నాకు తెలియదు. తేనెబండ దగ్గర సోమమ్మ అవ్వ పిల్లను కన్నదని పలికినప్పుడు వెనక ఉన్న ఆడవాళ్ళు నాతో కలిసి అన్నారు. పులిరాయి దగ్గర మగవాళ్ళు కూడా అన్నారు. గుమ్మడికొండ చేరేసరికి నా చీర అంచు మసి అయిపోయింది.

నేను వెనక్కి తిరిగి చూడలేదు. మీ మరిదిగారు చూసి చెప్పారు: గుమాస్తా వేలు మీ కాగితం అడుగున మొదలై, ఒక్కో పేరుకూ ఒక్కో వరుస పైకి పాకిందట. చివరి పేరు దగ్గర కాగితం పైఅంచున ఆగిందట. మీరు చాలా శుభ్రంగా రాశారు. ఒక్క పేరు కూడా తప్పు పోలేదు. చెప్పింది చెప్పినట్టు ఉన్నదన్న సంతకం దొరగారు చదివించుకుని విన్నారు.

దుబాసీ ద్వారా వీరమ్మను అడిగారాయన, రెండు రకాలుగా ఎందుకు పాడతారని. వీరమ్మ కొండవైపే చూస్తూ అంది, "వచ్చేటప్పుడు ఒక ముఖం, పోయేటప్పుడు ఒక ముఖం. ఆయన ఊళ్ళో మనుషులు చావరా?" దుబాసీ దాన్ని మొత్తం చెప్పాడో లేదో తెలియదు.

గుమ్మడికొండ ఊరివాళ్ళ పోడు అని రాసుకున్నారు. తేనెబండనూ, దాని అవతలి పల్లాన్నీ మాత్రం సర్కారు అడవిలో కలిపారు. సోమమ్మ అవ్వ పిల్లను కన్న చోటు ఇప్పుడు వాళ్ళది కాదు. దానికి నేను కారణం, మీరు కారణం. ఎవరి వాటా ఎంతో పంచుకోవడానికి నాకు ఓపిక లేదు.

సంపూర్ణమ్మ

*

రాజమహేంద్రవరం,
1898 జూను

సంపూర్ణమ్మా,

బుల్లిరాజుగారు మీ బావగారిని అడితిలోకి రానివ్వడం లేదు. నా పిల్లల నోట్లో మన్ను కొట్టావు. పరాయివాళ్ళ కొండ నిలబెట్టావు, సొంత బావగారి పొయ్యి ఆర్పావు.

మిషను దొరగారికి రాశాను. ఉపాధ్యాయుడి భార్య కొండవాళ్ళ భూతాల పండగలో వంత పాడిందని, మసి పూసుకుని కొండ ఎక్కిందని. అది అబద్ధమని నువ్వు అనగలవా?

వంతెన స్తంభాల పని చూసే ఒక దొర దగ్గర మీ బావగారు కూలీల లెక్క రాయడానికి కుదిరారు. ఎండలో నిలబడి. ఎంత మనిషి ఎలా అయిపోయారో నువ్వు చూస్తే బాగుండు.

మాట్లాడటం వచ్చిందట నీకు. సంతోషం. నాతో మాత్రం మాట్లాడకు.

రత్నమాణిక్యం

*

ఇప్పలగూడెం,
1898 జూలై

రత్నమాణిక్యం గారికి,

మీరు పంపిన పాళీలు ఇందులో పెట్టాను. ఒకటి వాడాను, తుడిచి పెట్టాను.

బావగారు ఎండలో నిలబడుతున్నారని రాశారు. ఇక్కడ విత్తులు కూడా ఎండలోనే పడి ఉన్నాయి. వాన ఆలస్యమయింది. పిట్టలు, చీమలు తిన్నవి పోగా మిగిలినవి మొన్నటి జల్లుకు మొలిచాయి. గుప్పెడు వేసిన చోట రెండు మొక్కలు. ఊరంతా ఎండబెట్టిన ఇప్పపువ్వూ జీలుగు పిండీ ఉడకబెట్టుకుని తింటున్నారు. తినేటప్పుడు మా ఇంటివైపు చూస్తున్నారు. అలా చూడొద్దని నేను అనలేను.

మిషనువాళ్ళ ఉత్తరం వచ్చింది. మీరు రాసింది అబద్ధమని మీ మరిదిగారు జవాబు రాయలేదు. తన భార్య పలికింది నిజమేనని, తను విన్నానని రాశారు. జీతం ఆపేశారు. బడి పాక కలప బుల్లిరాజు మనుషులు వచ్చి విప్పుకుని పడవలో వేసుకుపోయారు. మర్నాడు పొద్దున వెదురు తడికలు మా వాకిట్లో పడి ఉన్నాయి. ఎవరు వేశారో ఎవరూ చెప్పరు. పిల్లలు కొందరు మళ్ళీ వస్తున్నారు. గుమ్మం ముందు కంప ఇంకా ఉంది, కాని ఒక మనిషి పట్టేంత పక్కకు జరిగింది.

దొరసానిగారి పుస్తకం అచ్చయితే నాకు పంపవద్దు. మీ దగ్గరున్న నకలు మీరే ఉంచుకోండి. ఇక్కడ అది ఎవరికీ అక్కర్లేదు. నా పెన్సిలు అట్టలను ఏం చేయాలని వీరమ్మను అడిగాను. పొయ్యిలో పెట్టమంటుందని అనుకున్నాను.

ఆమె అట్టలను తలకిందులుగా పట్టుకుని చూసింది. ఎలా పట్టుకున్నా ఆమెకు ఒకటే.

"ఇది పోయే పాటే కదా?"

అవునన్నాను.

"చిన్నమ్మాయికి నేను పాడాను. నాకు ఎవరు పాడతారు? ఇక్కడ ఎవడికీ మొత్తం రాదు. నువ్వే పాడాలి. దొంగసొత్తు దొంగ దగ్గరే ఉండనీ. ఇంక వాగు దాకా వెనక్కి నడవడం నేర్చుకో. నా పాడె ముందు పడ్డావంటే దారి తప్పి నేను తిరిగొచ్చి నీ నెత్తినే కూర్చుంటా."

రోజూ పొద్దున్నే నేర్చుకుంటున్నాను. పాడె లేదు గనుక వీరమ్మ గుమ్మంలో కూర్చుంటుంది, ఆమె ముఖం చూస్తూ వెనక్కి నడుస్తాను. దారంతా రాళ్ళు. మొదట్లో చాలాసార్లు పడ్డాను. పిల్లలు నవ్వుతారు. నేను లేచేసరికి ఆపేస్తారు.

నిన్న పడకుండా వాగు దాకా వెళ్ళాను. నీళ్ళు మడమలకు తగిలేసరికి ఆగి చూశాను. అంత దూరాన ఆమె ముఖం సరిగా కనపడలేదు, గొంతు మాత్రం వినిపించింది.

"తొందరేం లేదులే," అంది.

సంపూర్ణమ్మ